బైబిల్లో యోవేలు మొదటి అధ్యాయం ఎందుకు దాటేస్తున్నాం?

సంపాదకుడు గారికి వందనాలు,

మీ పేపర్‌లో ఉజ్జీవ సభల గురించి, అంటే చర్చిల్లో విశ్వాసాన్ని మళ్లీ రగిలించడానికి పెట్టే మీటింగుల గురించి, వచ్చిన వ్యాసం చదివాను, బాగానే రాశారు కానీ ఉజ్జీవం అంటే మూడ్రోజుల మీటింగు, పెద్ద పెద్ద స్పీకర్లు, ఆఖరి రాత్రి ఏడుపులు అన్నట్టే మొత్తం నడిచింది, అందుకే ఈ లెటర్. మేం ఉండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. నేను కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి, 2024 మార్చి దాకా రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రం) అంటే సినిమాల్లో చూడ్డమే తప్ప ఆవు పక్కన నిలబడింది కూడా లేదు.

ఆ ఏడాది ఫిబ్రవరి 26న ఈ రాష్ట్రం ఉత్తరం కొసన, ప్యాన్‌హ్యాండిల్ అంటారు, అక్కడ పుచ్చిపోయిన కరెంటు స్తంభం ఒకటి విరిగిపడి గడ్డి అంటుకుంది. స్మోక్‌హౌస్ క్రీక్ ఫైర్ అని పేరు పెట్టారు. 10 లక్షల ఎకరాలకు పైగా తగలబడింది, టెక్సాస్ చరిత్రలో అంత పెద్ద మంట ఇంకోటి లేదు, ఇద్దరు మనుషులు పోయారు, పశువులైతే 7,000 పైనే. పైగా అది ఆవులు ఈనే టైము.

మా చర్చిలో ఒకాయన చుట్టం వాళ్ల రాంచ్ అక్కడుంటే గడ్డి తీసుకెళ్లే లారీ వెనకాల మేం నలుగురం కారేసుకుని ఆరు గంటలు పోయాం. దారంతా నలుపే, కంచె రాటలు కూడా బొగ్గయిపోయాయి. ఆ రాంచ్ పెద్దాయన మాతో పెద్దగా ఏం మాట్లాడలేదు. మంటలో చావకుండా మిగిలిన ఆవుల్లో కొన్నిటికి గిట్టలు ఊడిపోయాయి, కొన్నిటికి పొదుగు కాలిపోయి దూడని దగ్గరికి రానివ్వట్లేదు, ఇక బతకవు అనుకున్నవాటిని ఆయనే తుపాకితో కాల్చాల్సి వచ్చింది, చిన్నప్పట్నుంచి పెంచినవి. మాలో ఒకతను అలవాటు కొద్దీ ‘దేవుని చిత్తం సార్’ అన్నాడు. ఆయన ఏం అనకుండా గ్లోవ్స్ వేసుకుని గడ్డి దించడానికి పోయాడు. నాకైతే ఆ క్షణం భూమిలోకి పోవాలనిపించింది.

తర్వాత ఇంట్లోకి పిలిచి కాఫీ ఇచ్చారు, టేబుల్ మీద బైబిల్ తెరిచుంది, యోవేలు గ్రంథం మొదటి అధ్యాయం. మన సభల్లో యోవేలు అంటే రెండో అధ్యాయం 28వ వచనమే కదా, దేవుడు తన ఆత్మను మనుషుల మీద కుమ్మరిస్తానన్నది, పోస్టర్ల మీద కూడా అదే. మొదటి అధ్యాయం మీద ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు. అందులో మేత లేక పశువులు మూలుగుతుంటాయి, మంట పచ్చిక బయళ్లని తినేస్తుంది, వాగులు ఎండిపోతాయి. ఆ ఇంట్లో వాళ్లకి అది పాత కాలం సంగతి కాదు, కిటికీలోంచి కనపడేదే. రెండో అధ్యాయంలో కూడా దేవుడు భయపడొద్దని ముందు నేలతో అంటాడు, ఆ తర్వాత పశువులతో, మనుషుల వంతు వాటి తర్వాతే, ఆత్మ సంగతి ఇంకా తర్వాత. ఎన్నిసార్లు చదివానో, ఈ వరస మాత్రం నా కళ్లకి ఎప్పుడూ ఆనలేదు.

ఇంకోటి, అక్కడి బఫెలో గడ్డి, బ్లూ గ్రామా లాంటివి పైన కాలినా మొదలు నేలమట్టానికే ఉంటుంది, వేళ్లు లోపల బతికే ఉంటాయి, వాన పడితే కొన్ని వారాల్లో మళ్లీ పచ్చబడుతుంది. (మంట మంచిదే అని చెప్పట్లేదు బాబూ, ఇసక నేలల్లోనైతే గాలికి మట్టే కొట్టుకుపోతుంది.) కానీ పచ్చబడింది కదా అని వెంటనే పశువుల్ని వదలకూడదట, లేత చిగుర్లు తినేస్తే వేళ్లు నీరసపడి మొత్తానికే పోతుందట. అందుకే కళ్ల ముందు పచ్చగా కనపడుతున్నా కంచె అవతలే ఉంచి, వేరే రాష్ట్రాల నుంచి ముక్కూమొహం తెలీని వాళ్లు సొంత డీజిల్ పోసుకుని తెచ్చిన గడ్డి బేళ్లు వేసి మేపుతారు. మనమేమో సభలో శనివారం రాత్రి దేవుణ్ణి నమ్ముకుంటానని చెయ్యెత్తిన పిల్లాడి చేతికి ఆదివారం పొద్దున్నే మైక్ ఇచ్చి సాక్ష్యం చెప్పమంటాం.

రాంచ్ వాళ్లకీ సభలున్నాయి, లేవని కాదు. 1890లో ఇదే టెక్సాస్‌లో ఫోర్ట్ డేవిస్ దగ్గర బ్లాయిస్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టర్ చెట్టు కింద కాఫీ వచ్చే చెక్కపెట్టె ముందు నిలబడి వాక్యం చెప్పాడు, మైళ్ల దూరాల నుంచి కుటుంబాలు వచ్చి అక్కడే మకాం వేశాయి, ఆ క్యాంప్ మీటింగ్ ఇప్పటికీ ఆగస్టులో జరుగుతుంది. ఇప్పుడు రాంచ్ మనుషుల కోసం కౌబాయ్ చర్చిలని ఉన్నాయి, పశువులు నీళ్లు తాగే రేకు తొట్టిలోనే బాప్తిస్మం ఇస్తారు, కానుకలు టోపీలోనో పాత బూటులోనో వేస్తారు. మా వాళ్లు కొంతమంది దీన్ని చూసి నవ్వుతారు కానీ నాకు ఆ తొట్టి నచ్చింది.

కాబట్టి మీ పేజీలో ఈసారి ఉజ్జీవం గురించి వేసేటప్పుడు సభలైపోయాక ఆర్నెల్లకి ఆ ఊళ్లో ఎవరు ఎలా ఉన్నారో కూడా ఒకసారి అడిగి రాయండి, టెంట్ విప్పేశాక ఎవరూ అటు పోరు.

మొన్న ఫిబ్రవరిలో ఆ పెద్దాయనకి ఫోన్ చేశా, గడ్డి ఎలా వచ్చిందో అడుగుదామని. రాత్రి మూడు దూడలు పుట్టాయి, ఇంకో ఆవు ఈనేలా ఉంది, తర్వాత చెయ్యి అని పెట్టేశాడు.

ఇట్లు,
డాలస్ నుంచి ఒక పాఠకుడు