లోయరింగ్‌కు వచ్చే కస్టమర్లకు: ఇకపై కారు రెండు రోజులు మా దగ్గరే ఉంటుంది

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఊరెళ్లేలోపు కారు కాస్త కిందకు దించి ఇవ్వమని చాలామంది ఫోన్ చేస్తున్నారు. పొద్దున ఇచ్చి సాయంత్రానికి తీసుకెళ్తామంటున్నారు. ఇక మీదట అలా కుదరదు. లోయరింగ్ స్ప్రింగులైనా (కంపెనీవాటికంటే పొట్టివి), కాయిలోవర్లైనా (ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ సెట్టు) కారు రెండు రోజులు మా షెడ్డులోనే ఉండాలి. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి తీసుకురావాలి. రెండోసారి చేసే చెకప్, అలైన్‌మెంట్ డబ్బులు మొదటి బిల్లులోనే కలుపుతున్నాం కాబట్టి రేటు పెరుగుతుంది. ఎందుకో వివరంగా చెప్తాను.

పాత స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగాలు) విప్పి కొత్తవి బిగించడానికి ఒక పూట చాలు. అసలు పని ఆ తర్వాతే ఉంటుంది. చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్‌లో ఉండే బుష్‌ల సంగతే చూడండి. వాటి లోపలి ఇనుప గొట్టానికి రబ్బరు అతికి ఉంటుంది. కారు లిఫ్ట్ మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, కిందకు దించగానే ఆ రబ్బరు మెలి తిరిగిపోతుంది. కారు నడిచినంతకాలం మెలి తిరిగే ఉంటుంది. కొన్ని నెలలకే చిరిగి, గుంతలో పడ్డప్పుడల్లా టకటకమని చప్పుడు మొదలవుతుంది. అందుకే మేం ముందు బోల్టులు వదులుగా పెట్టి, బరువంతా చక్రాల మీద పడ్డాక కారును నాలుగుసార్లు కిందకు నొక్కి, అప్పుడు ఎంత బిగువో కొలిచే టార్క్ పానాతో ఫైనల్‌గా బిగిస్తాం. స్ట్రట్ పైనుండే నట్టుకు దడదడా తిప్పి బిగించే ఇంపాక్ట్ గన్ వాడం. రాడ్ గిరగిర తిరిగితే షాక్ అబ్జార్బర్ లోపలి సీల్ పాడవుతుంది.

ఎత్తు కొలిచేది కూడా నేల నుంచి కాదు. టైర్లలో గాలి తేడా ఉన్నా, నేల వంకరగా ఉన్నా ఆ లెక్క తప్పుతుంది. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి నాలుగు మూలలా రాసుకుంటాం. కొత్త స్ప్రింగులు మొదట్లో ఇంకాస్త దిగుతాయి. దిగిన కొద్దీ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన తీరు), టో (చక్రం ముందువైపు లోపలికో బయటికో తిరిగిన తీరు) రెండూ మారతాయి. ఫిట్టింగ్ రోజు చేసిన అలైన్‌మెంట్‌తోనే సరిపెట్టుకుంటే టైరు లోపలి అంచు అరిగిపోతుంది. బయట నుంచి చూస్తే గ్రిప్పు నిండుగా కనిపిస్తుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలివైపు చూస్తే తీగ బయటపడి ఉంటుంది. హైవే మీద అలాంటి టైరుతో కుటుంబాన్ని తీసుకెళ్లడం తలుచుకుంటేనే నాకు టెన్షన్.

ఇక ఎంత దించాలన్నది. పోలో, స్విఫ్ట్ లాంటి కార్లకు మేం 30 నుంచి 35 మిల్లీమీటర్లకు మించి చేయం. పోలో గ్రౌండ్ క్లియరెన్స్ సుమారు 165 మిల్లీమీటర్లు. 60 దించితే మిగిలేది 105. ఐదుగురు కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తా వేస్తే ఇంకా తగ్గుతుంది. రూల్ ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని దించిన కారైనా మెల్లగా దాటేస్తుంది. కాలనీల్లో రాత్రికి రాత్రి సన్నగా, నిటారుగా పోసే సిమెంటు దిమ్మలే ఆయిల్ చాంబర్‌ను పగలగొడతాయి.

మరీ దించితే హ్యాండ్లింగ్ పెరుగుతుందన్న నమ్మకం కూడా నిజం కాదు. మామూలు ఎత్తులో లోయర్ ఆర్మ్ చక్రం వైపు కొద్దిగా కిందకు వాలి ఉంటుంది. అతిగా దించితే అది పైకి తిరుగుతుంది. కారు దిగినదానికంటే రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ దిగిపోతుంది, అప్పుడు మలుపుల్లో బాడీ ఒరగడం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ కోణం మారి, గుంతల్లో స్టీరింగ్ దానంతటదే పక్కకు లాగుతుంది.

స్ప్రింగ్ కటింగ్ మాత్రం ఎవరు అడిగినా, ఎంత ఇస్తామన్నా చేయం. కోసిన స్ప్రింగు చివర సీటులో సరిగా కూర్చోదు. చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు చోటు తప్పే ప్రమాదం ఉంది. పొడవు తగ్గిన స్ప్రింగు మీద పాత షాక్ అబ్జార్బర్ పూర్తిగా దిగి, చివర దెబ్బ ఆపే రబ్బరు దిమ్మ, అంటే బంప్ స్టాపర్‌కు గుద్దుకుంటూనే ఉంటుంది.

కాయిలోవర్లు వేయించుకున్నవాళ్లకు ఇంకో మాట. షాక్ అబ్జార్బర్ గట్టిదనం మార్చే నాబ్ క్లిక్‌లు మొత్తం హార్డ్‌లో పెట్టి తిరగకండి. మన రోడ్ల మీద చక్రం నేలను పట్టుకోదు, ఎగిరెగిరి పడుతుంది. నాబ్‌ను సవ్యదిశలో పూర్తిగా బిగించి, అక్కడి నుంచి లెక్కపెడుతూ వెనక్కి వదలండి. మధ్యలో మొదలుపెట్టి, ఒక్కో క్లిక్ మార్చి, రోజూ వెళ్లే రోడ్డు మీదే చూసుకోండి. కుడి ఎడమ ఒకేలా ఉండాలి.

చట్టం గురించి కూడా దాచకుండా చెప్తున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా కారును మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేయిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ముందు వాళ్లతో మాట్లాడి, మా దగ్గరికి రండి. మీ పాత స్ప్రింగులు, స్ట్రట్లు పేరు రాసి మీకే ఇచ్చేస్తాం. పారేయకండి, రేపు కారు అమ్మేటప్పుడు మళ్లీ బిగించాల్సి రావచ్చు.

పండక్కి ముందు తక్కువ కార్లే తీసుకుంటాం. ఫిట్టింగ్ తర్వాత 500 కిలోమీటర్లు ఇక్కడే తిరిగి, రెండో అలైన్‌మెంట్ కూడా అయ్యాక ఊరెళ్లేంత టైమ్ ఉంటేనే బుక్ చేసుకోండి. లేకపోతే పండగ అయ్యాక రండి. ఇప్పటికే వేరే చోట చేయించుకుని చప్పుడు వస్తున్నా, టైర్లు లోపల అరుగుతున్నా తీసుకురండి. చూసి చెప్పడానికి డబ్బులు తీసుకోం.