వార్షిక నివేదిక 2024–25: ఉత్తర సర్కార్ల పాలనా చరిత్ర అధ్యయనం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాలన్నీ ఒక్క అంశం మీదే నడిచాయి. మొగలుల హైదరాబాద్ సుబా (రాష్ట్రం) లోని చికాకోల్ అనే శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ అనే కొండపల్లి, ముర్తజానగర్ అనే గుంటూరు సర్కార్లు (సుబాలోని పాలనా విభాగాలు) జిల్లాలుగా ఎలా మారాయన్నదే ఆ అంశం. ఈ సర్కార్లను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన మొగలు చక్రవర్తి 1765 ఫర్మానా, 1766లో నిజాంతో కంపెనీ ఒడంబడిక, 1788లో గుంటూరు స్వాధీనం పుస్తకాల్లో దొరికేవే కాబట్టి వాటి మీద ఎక్కువ కాలం గడపలేదు.

ఎక్కువ చర్చ జరిగింది హవేలీ భూముల మీద, అంటే జమీందార్ల కింద కాక నేరుగా ప్రభుత్వం కింద ఉన్న భూముల మీద. 1794లో కంపెనీ ఛీఫ్–కౌన్సిళ్లను (ఒక ఛీఫ్, అతని కౌన్సిల్ కలిసి నడిపే పాలనను) ఎత్తేసి కలెక్టర్లను పెట్టింది. 1802 నాటి 25వ రెగ్యులేషన్‌తో పాత జమీందార్లకు పేష్కష్ (వాళ్లు ప్రభుత్వానికి కట్టే శిస్తు) శాశ్వతంగా ఖరారైంది. జమీందారు లేని హవేలీని ముఠాలుగా, అంటే చిన్న చిన్న ఎస్టేట్లుగా కోసి వేలం వేశారు. ఒక్కో ముఠా శిస్తు సుమారు 1,000 నుంచి 5,000 స్టార్ పగోడాలు. పగోడా అంటే మన వరహా, మూడున్నర రూపాయలు. పోటీపడి పాడినవాళ్లలో చాలామంది వాన తప్పిన ఏడే బకాయి పడ్డారు. ముఠాలు మళ్లీ కంపెనీ ప్రభుత్వం చేతికే వచ్చాయి. శిస్తు మారదు, పంట మారుతుంది. పేరుకు జమీందారీ అయినా పాడినవాళ్ల వెనక నిల్వ ధనం లేదు.

రికార్డులు చదివేటప్పుడు పొరపాట్లు రెండు చోట్ల వచ్చాయి. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం; దాన్ని ఇంగ్లీషు సంవత్సరంగా మార్చడానికి అందరూ 590 కలిపేస్తున్నారు. జూలై–డిసెంబరు కాగితానికి అది సరే, జనవరి–జూన్‌కు 591 కలపాలి. ఫసలీ 1212 ఫిబ్రవరి అంటే 1803. 1855కు ముందు ఫసలీ జూలై 1న కాక ఆ నెల మధ్యలో మొదలయ్యేది, కాబట్టి అప్పటి జూలై మొదటి రోజుల కాగితాలు పాత ఫసలీలోకే వస్తాయి.

రెండోది జిల్లా పేరు. ఏలూరు కాగితం 1859కి ముందుదైతే మచిలీపట్నం జిల్లా కట్టల్లో వెతకాలి. 1859 నుంచి గోదావరి, 1904 నుంచి కృష్ణా, 1925 నుంచి పశ్చిమగోదావరి. 2022లో ఏలూరు తన పేరుతోనే జిల్లా అయింది, అది వేరే సంగతి. ఇండెక్సులో ఊరు కనబడలేదని వెనుదిరిగేముందు సంవత్సరం చూసుకోండి.

ఇంట్లో పాత పట్టాలు, శిస్తు రసీదులు ఉన్నవారు రెండు వైపులా ఫొటో తీసి పంపండి. వెనక రాసిన చెల్లింపులే చాలాసార్లు అసలు ఆధారం. దయచేసి లామినేషన్ చేయించకండి. ఆ ప్లాస్టిక్‌ను తీయబోతే సిరాతో పాటు కాగితం పైపొర కూడా ఊడి వస్తుంది.