పదో తరగతి పిల్లలు బడి దాటే ముందు: ప్రధానోపాధ్యాయుల లేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో ఈ పేజీ అబ్బాయిలు మాత్రమే చదివే మన కథోలిక బడిలో పదో తరగతి పిల్లల ఇళ్ల కోసం. వీడ్కోలు సభ ఎప్పుడు, ఫొటోలు ఎన్ని ఇస్తారు అని ఆఫీసులో అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. మావాడి నామినల్ రోల్ (పబ్లిక్ పరీక్షకు బడి పంపే పిల్లల వివరాల జాబితా) ప్రింటు ఒకసారి చూపించండి అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. రిటైరయ్యే దాకా అబ్బాయి వెంట తిరిగేది ఆ ప్రింటులో ఉన్న నాలుగు లైన్లే. కాబట్టి ముందు దాని సంగతి.

ఆ ప్రింటును బట్టే అచ్చయ్యే పదో తరగతి మెమోలో (మార్కుల పత్రంలో) అబ్బాయి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు ఉంటాయి. రేపు పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి రుజువుగా ముందు అడిగేది ఈ మెమోనే. పరీక్షలకు ముందయితే తప్పును బడి నుంచే సరిచేయించవచ్చు. మెమో అచ్చయ్యాక అయితే బడి నుంచి జిల్లా విద్యాశాఖాధికారికి, అక్కడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగానికి ఫైలు నడవాలి. అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నదానికి, మెమోలో ఉన్నదానికి తేడా ఉంటేనే ఆ ఫైలుకు బలం ఉంటుంది. రిజిస్టరులోనే తప్పు పడి ఉంటే పుట్టిన తేదీ మార్చడం దాదాపు జరగని పని.

తప్పులు ఎక్కడ వస్తాయో మాకు తెలుసు. మొదటిది ఇంటిపేరు. బడి రికార్డులో ఒక్క అక్షరంతో ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఒక్కోసారి పేరు వెనక్కి పోతుంది. రెండోది పేరు మధ్య ఖాళీ: యేసుబాబు ఒక కాగితంలో ఒకే మాట, మరో కాగితంలో రెండు మాటలు. కంప్యూటరుకు వాళ్లు ఇద్దరు మనుషులు. మూడోది మన కథోలిక కుటుంబాల్లో ఎక్కువగా కనిపించేది. విచారణ (మన గుడి పరిధి) రిజిస్టరులో జ్ఞానస్నానం పేరు శౌరయ్య అని ఉంటుంది, బడిలో చేర్చినప్పుడు జేవియర్ అని రాయిస్తారు, ఇంట్లో ఇంకోటి పిలుస్తారు. చిన్నప్ప, రాయప్ప, ఇన్నయ్య, జోజప్ప లాంటి పేర్లకు ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో గుమస్తా ఒక్కోలా రాస్తాడు. జ్ఞానస్నాన ధ్రువపత్రం గుడి పనులకు పనికొస్తుంది, ప్రభుత్వ కార్యాలయంలో జనన ధ్రువపత్రానికి బదులుగా నిలబడదు. తల్లి పేరు దగ్గర కూడా చూడండి: పుట్టింటి ఇంటిపేరా, అత్తింటి ఇంటిపేరా అన్నది అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలి. పుట్టుమచ్చలను అబ్బాయిని పక్కన నిలబెట్టుకుని సరిచూడండి. కుడి చెయ్యి అని రాసి ఉంటుంది, మచ్చ ఎడమ చేతికి ఉంటుంది.

ఆధార్‌లో ఇంకో పని ఉంది. 15 ఏళ్లు నిండిన ప్రతి పిల్లవాడూ వేలిముద్రలు, కంటిపాప, ఫొటో మళ్లీ ఇవ్వాలి. 15 నుంచి 17 ఏళ్ల మధ్య ఇది ఉచితం. అయిదేళ్లప్పుడు ఇచ్చిన వేలిముద్ర ఇప్పుడు సరిపోక బ్యాంకులోనో సచివాలయంలోనో ఈ-కేవైసీ తిరస్కరిస్తే, చాలామంది మిషన్ పాడైందనుకుని వెనక్కి వస్తారు. పాడైంది మిషన్ కాదు, ముద్ర పాతదైంది. ఫోన్ నంబరు కూడా అప్పుడే మార్పించండి. ఓటీపీ ఎప్పుడో పారేసిన సిమ్‌కు పోతుంటే ఏ దరఖాస్తూ ముందుకు కదలదు.

కులం, ఆదాయం ధ్రువపత్రాల కోసం ఫలితాలు వచ్చే దాకా ఆగితే గ్రామ, వార్డు సచివాలయాల దగ్గర అందరూ ఒకేసారి నిలబడతారు. ఇప్పుడే పెట్టుకోండి. ఎస్సీ కుటుంబాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు మన ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు) కిందికి వస్తారు. విద్యలో ఆ వాటా 1 శాతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే. ఇందులోని న్యాయాన్యాయాల మీద మన కథోలిక శ్రీసభకు, మీలో చాలామందికి గట్టి అభిప్రాయాలున్నాయి. కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర కూర్చున్న అధికారి మాత్రం కాగితాలే చూస్తాడు. టీసీలో మతం ఒకటి, ధ్రువపత్రంలో ఇంకొకటి కనబడితే సీటు అక్కడే ఆగుతుంది. నిజమేదో అదే రెండింటిలోనూ ఉండాలి.

పరీక్షల గురించి కొన్ని మాటలు. మొత్తం 600 మార్కులు. ఉత్తీర్ణతకు హిందీలో 20, మిగతా సబ్జెక్టుల్లో 35 రావాలి. 100 మార్కుల పేపరుకు ఉదయం 9.30 నుంచి 12.45 వరకు సమయం. అందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదవడానికి. భౌతిక, జీవశాస్త్రాలు వేర్వేరు రోజుల్లో 50 మార్కుల చొప్పున జరుగుతాయి, సమయం రెండు గంటలే. మూడు గంటల పరీక్షకు అలవాటుపడిన చెయ్యి ఆ రోజు వెనకబడుతుంది కనుక ఇంట్లో గడియారం పెట్టి రాయించండి. మన పిల్లలకు ఇంకో ముఖ్యమైన హెచ్చరిక: నోటుపుస్తకం పైన సిలువ గుర్తు పెట్టి, యేసు మరియ యోసేపు అని రాసి మొదలుపెట్టడం చిన్నప్పటి నుంచీ నేర్పిన అలవాటు. పబ్లిక్ పరీక్ష జవాబు పత్రంలో అది రాయకూడదు. సిలువైనా ఓంకారమైనా 786 అయినా మూల్యాంకనంలో గుర్తింపు చిహ్నం కింద లెక్కిస్తారు. ప్రార్థన మనసులో చేసుకుని కలం తీయమనండి.

పరీక్షలు తపస్కాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలంలో) పడతాయి. ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల చేత ఉపవాసం చేయిస్తున్నారని వింటున్నాం. శ్రీసభ చట్టంలో ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినవారికే. 14 నిండినవారికి ఉన్నది మాంసం మానే నియమం. పదిహేనేళ్ల పిల్లవాడు విభూది బుధవారం నాడైనా శుభ శుక్రవారం నాడైనా మాంసం మానితే చాలు. పరీక్ష రోజు పొద్దున ఖాళీ కడుపుతో పంపించడం భక్తి కిందికి రాదు. ఇడ్లీయో అన్నమో రోజూ తినేదే పెట్టండి. రంజాన్ ఉపవాసం ఉండే పిల్లల ఇళ్లకు సలహా చెప్పే అధికారం నాకు లేదు. సహరీ (తెల్లవారుజాము భోజనం) తర్వాత గంటసేపైనా పడుకోనివ్వండి, అంతవరకే.

ఇక ఇంటర్లో తీసుకునే గ్రూపు. ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే డబ్బు పోయేదీ పిల్లవాడు నలిగేదీ ఇక్కడే. జనవరి నుంచే కాలేజీల పీఆర్వోలు (పిల్లల్ని చేర్పించుకోవడానికి పెట్టినవాళ్లు) ఇళ్లకు తిరుగుతున్నారు. ఇప్పుడు కడితే రాయితీ, రేపయితే సీటు ఉండదు అంటారు. ఫలితాలు 2024లో ఏప్రిల్ 22న, 2025లో ఏప్రిల్ 23న వచ్చాయి. అప్పటిదాకా ఆగినవాడికి సీటు దొరకని ప్రైవేటు కాలేజీ ఎక్కడా ఉండదు. కట్టిన అడ్వాన్సు మాత్రం తిరిగి రావడం కష్టం. తప్పదనుకుంటే వాపసు షరతు రాసి ఉన్న రసీదు తీసుకోండి. పీఆర్వో విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చిన అంకె రసీదు కాదు. కాలేజీ కోడ్ అడిగి, ఇంటర్మీడియట్ బోర్డు గుర్తింపు ఆ క్యాంపస్‌కే ఉందో లేదో చూడండి. చదివేది ఒక భవనంలో, హాల్ టికెట్ వచ్చేది మరో కాలేజీ పేరు మీద అయితే రేపు స్టడీ సర్టిఫికెట్ దగ్గర మీరే తిరగాలి.

ఎంపీసీ (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు) తీసుకుంటే అన్నీ తెరిచి ఉంటాయన్న మాట సగమే నిజం. లెక్కలంటే భయపడేవాడికి రెండేళ్లలో ఆ తలుపులన్నీ మూసుకుపోతాయి. వైద్య ప్రవేశ పరీక్ష నీట్ రాయాలంటే జీవశాస్త్రం కావాలి. సైనిక అధికారులను తయారుచేసే ఎన్‌డీఏలో ఆర్మీకి ఏ గ్రూపైనా చాలు, నౌకాదళానికీ వైమానిక దళానికీ భౌతిక, రసాయన శాస్త్రాలు, గణితం ఉండాలి. సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) చదవదలచినవాడికి ఎంఈసీ (గణితం, అర్థశాస్త్రం, కామర్స్) తిన్నని దారి. 2025-26 నుంచి ఇంటర్లో గణితం ఏ, బీ పేపర్లు కలిపి ఒకటే చేశారు, వృక్ష, జంతుశాస్త్రాలు కూడా ఒకే సబ్జెక్టయ్యాయి. గణితం, జీవశాస్త్రం రెండూ చదివే ఎంబైపీసీ కూడా వచ్చింది. అన్నయ్య పాత పుస్తకాలు దాచి ఉంచిన ఇళ్లవాళ్లు ఈ సంగతి గమనించాలి. అన్నీ దొరుకుతాయి కదా అని ఎంబైపీసీలో వేసేయకండి. ఇంజినీరింగ్, మెడిసిన్ రెండు ప్రవేశ పరీక్షల బరువు మోయగలవాడికే అది.

పాలిటెక్నిక్‌ను మన తల్లిదండ్రులు చిన్నచూపు చూస్తున్నారన్నది నా అభిప్రాయం. దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్ 120 మార్కులు, రెండు గంటలు: గణితం 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీల్లో చేరడానికి రాసే ఏపీఆర్‌జేసీ పరీక్ష 150 మార్కులు, రెండున్నర గంటలు. ఎంపీసీకి ఇంగ్లీషు, గణితం, భౌతిక రసాయన శాస్త్రాల నుంచి 50 చొప్పున ప్రశ్నలు. ఈ రెండింటి దరఖాస్తులూ పదో తరగతి ఫలితాలకు ముందే మొదలవుతాయి. ఫలితాలు చూశాక అప్లై చేద్దామనుకుంటే గడువు దాటిపోతుంది. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలకు పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం. ప్రభుత్వ, జిల్లా పరిషత్ పాఠశాలల పిల్లలకు ఇచ్చే 4 శాతం అదనపు స్కోరు మనలాంటి ప్రైవేటు బడికి రాదు. ఆ లెక్క మనసులో పెట్టుకుని ఆశ పెట్టుకోండి. చేతిపని మీద ఇష్టం ఉన్నవాడికి ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది. గురుత్వ జీవితం (ఫాదర్ కావడం) వైపు మనసున్న పిల్లలు ముందు విచారణ గురువులతో మాట్లాడాలి. జ్ఞానస్నాన, భద్రమైన అభ్యంగన (కన్ఫర్మేషన్) ధ్రువపత్రాలు, గురువుల ఉత్తరం కావాలి. గురువిద్యాలయంలో (సెమినరీలో) ఉంటూనే ఇంటర్ చదువుతారు కనుక చదువు ఆగదు. మొక్కుకున్నామని మాత్రం పంపకండి. వాడు అడగాలి.

ఫలితాలొచ్చాక అనుమానం ఉంటే రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500 రూపాయలు, జవాబు పత్రం నకలుతో రీవెరిఫికేషన్‌కు 1,000. రీవెరిఫికేషన్‌కు కట్టినవారు రీకౌంటింగ్‌కు వేరుగా కట్టనక్కర్లేదు. తప్పినవారు సప్లిమెంటరీకి ఆ వారంలోనే మా దగ్గరికి రండి, ఉపాధ్యాయులు సెలవుల్లోనూ తరగతులు చెబుతారు.

మా దగ్గర తీసుకోవాల్సినవి: టీసీ, ప్రవర్తన ధ్రువపత్రం, 4 నుంచి 10 వరకు స్టడీ సర్టిఫికెట్. మధ్యలో బడి మారి ఉంటే ఆ ఏడాదుల కాగితం పాత బడి నుంచి ఇప్పుడే తెచ్చుకోండి, స్థానికత తేలేది దాంతోనే. ఇంటర్ అయ్యాక ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో మళ్లీ 6 నుంచి అడుగుతారు. టీసీ ఒరిజినల్‌ను కాలేజీ ఉంచేసుకుంటుంది గనక ఇచ్చే ముందు స్కాన్ చేసి, అయిదు జిరాక్సులు తీయించండి. వేరే బోర్డుకు వెళ్లేవాళ్లకు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. అబ్బాయి పెన్ (శాశ్వత విద్యా సంఖ్య) నంబరు, అపార్ (విద్యార్థి గుర్తింపు) నంబరు టీసీ వెనక రాయించుకోండి. కొత్త కాలేజీ వాటితోనే మన ఆన్‌లైన్ జాబితాలోంచి వాడిని తన జాబితాలోకి తీసుకుంటుంది. అలా తీసుకోకపోతే పథకాల డబ్బు ఆగిపోతుంది. ఫీజు బాకీ ఉన్నవాళ్లు ముఖం చాటేయకుండా వచ్చి మాట్లాడండి. బాకీ ఉందని టీసీ ఆపడం మన బడి పద్ధతి కాదు.

అబ్బాయిలే ఉన్న బడిలో ఇన్నేళ్లు చదివినవాడు జూన్ నాటికి అమ్మాయిలు ఉన్న తరగతిలో కూర్చుంటాడు. అక్కడ ఎలా మసలాలో తల్లి ఒక్కతే చెబితే చాలదు, తండ్రి కూడా నోరు విప్పాలి. 18 లోపు అమ్మాయి విషయంలో ఆమె ఒప్పుకుంది అన్న మాట పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ముందు చెల్లదు. ఒకరి ఫొటో ఇంకొకరికి పంపడం ఆట కాదు, కేసు. పిల్లలతో ఈ మాటలు మేం తరగతిలో మాట్లాడాం. ఇంట్లోనూ వినబడాలి.

వీడ్కోలు రోజు ముందు దివ్యబలిపూజ, కథోలిక పిల్లలకు. తర్వాత అందరికీ కలిపి సర్వమత ప్రార్థన, అన్నం. మీరు రావచ్చు. కొత్త బట్టలు అక్కర్లేదు, యూనిఫాంలోనే రావాలి. చొక్కాల మీద సంతకాలు, రంగులు బడి లోపల వద్దు, ఆ చొక్కా ఉతికి ఇస్తే కింది తరగతి పిల్లవాడికి పనికొస్తుంది. మోటారు సైకిలు మీద వచ్చిన పిల్లవాడిని గేటు లోపలికి రానివ్వం. మైనరు బండి నడిపి పట్టుబడితే బండి యజమానికో తల్లిదండ్రులకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, అబ్బాయికి 25 ఏళ్ల వరకు లైసెన్సు రాదు.

నామినల్ రోల్ ప్రింటు తరగతి ఉపాధ్యాయుల దగ్గర ఉంది. ఈ వారంలో ఏ రోజైనా సాయంత్రం 4 నుంచి 6 మధ్య ఆధార్, జనన ధ్రువపత్రం పట్టుకుని తల్లిదండ్రుల్లో ఒకరు అబ్బాయితో కలిసి వచ్చి, చదివి, సంతకం చేయాలి. అబ్బాయి ఒక్కడే వస్తే సంతకం తీసుకోం.

మీ
ప్రధానోపాధ్యాయుడు