స్కాట్లాండ్ ప్రకృతి సంరక్షణ సంస్థ నేచర్‌స్కాట్ అధిపతి గారికి: టీవీలో జింక వేట ఇదేనా?

నమస్కారమండీ. స్కాట్లాండ్‌లో జింక వేటంటే టీవీలో ట్వీడ్ కోటు దొరగారు, పొగమంచు కొండ. లేదా వంటల ప్రోగ్రామ్‌లో ఎర్రటి నాలుగు ముక్కలు, పైన బెర్రీల సాస్. మధ్యలో జరిగేదంతా కట్! గాలి ఎటు వీస్తోందో చూసుకుంటూ తడి నేలమీద పాకే స్టాకర్‌ని, అంటే జింకల వేటగాణ్ణి, కొండమీదే పేగులు తీసి జబ్బు గడ్డలున్నాయేమోనని వెతికే అతని చేతుల్ని ఎందుకు చూపించరు? జింకల్ని తినే తోడేళ్లు ఎప్పుడో పోయాయి, లేత మొక్కల్ని జింకలు మేసేస్తుంటే అడవి పైకి లేవడం లేదు, 2023లో మగ జింకల వేటకు విరామ కాలాన్ని కూడా ఎత్తేశారు. ఇవేవీ చెప్పకపోతే, ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పుణ్యమా అని జింకను వేటాడితే జైలేనని వింటూ పెరిగిన మా తెలుగువాళ్లు షాపులో వెనిసన్ (జింక మాంసం) ప్యాకెట్ చూసి బిత్తరపోరా? కెమెరావాళ్లను మీరే ఒకసారి కొండెక్కించండి, మాంసం వేలాడదీసే చల్లగదికీ తీసుకెళ్లండి. రక్తం కనబడుతుందని టెన్షనైతే రాత్రి 9 దాటాక వేయమనండి.