ప్యాంట్లు ఎందుకు ఆలస్యమయ్యాయి, రేటు ఎందుకు పెరిగింది

ఆషాఢంలో ఇస్తానన్న కాటన్ ప్యాంట్లు శ్రావణం వచ్చినా షాపుకు చేరలేదు. అడ్వాన్సు కట్టి రెండు మూడుసార్లు తిరిగినవాళ్లు నన్ను క్షమించాలి.

ఆ ప్యాంట్లు బంగ్లాదేశ్‌లో కుట్టినవి. 2025 మే 17న మన ప్రభుత్వం అక్కడి రెడీమేడ్ బట్టలు సరిహద్దు దాటి లారీల్లో రాకుండా ఆపేసింది. ఇప్పుడు కోల్‌కతా, ముంబయి పక్కనున్న నవా శేవా రేవుల్లోనే దిగాలి. రోజులు ఎక్కువ పడుతున్నాయి, ఖర్చూ పెరిగింది. ప్యాంటుకు 40 రూపాయలు పెంచక తప్పడం లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పోయిన నెల కాలేజీ అమ్మాయి ఒకామె లేబుల్ చూసి, "ఇంత తక్కువకి అమ్మితే కుట్టినవాళ్లకి ఏం మిగులుతుంది అంకుల్?" అని అడిగింది. పన్నెండేళ్లుగా ఇదే సరుకు అమ్ముతున్నాను, జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నుంచి దాని గురించే చదువుతున్నాను.

బంగ్లాదేశ్‌లో సుమారు 40 లక్షల మంది బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసి బతుకుతున్నారు, ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ దేశ ఎగుమతుల్లో నూటికి 80కి పైగా బట్టలే. కనీస జీతం 2023 డిసెంబరు నుంచి నెలకు 12,500 టాకాలు, మన డబ్బుల్లో 9 వేలకు అటూ ఇటూ. వాళ్లు అడిగింది 23,000. దానికోసం చేసిన ఆందోళనల్లో ప్రాణాలే పోయాయి.

2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గర సావర్‌లో, రాణా ప్లాజా భవనానికి పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పైన బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పొద్దున పనిలోకి పిలిచారు, రాకపోతే జీతం కోస్తామని బెదిరించారు. బిల్డింగ్ కూలి 1,134 మంది చనిపోయారు. ఆర్డరు గడువు దాటకూడదనే ఆ తొందర. పండగ ముందు హోల్‌సేలర్‌కు ఫోన్ చేసి "లేటైతే డబ్బు కోసుకుంటా" అని నేనూ ఎన్నోసార్లు అన్నాను. ఆ మాట చివరికి ఎవరి మీద పడుతుందో అప్పుడు ఆలోచించలేదు.

ఆ తర్వాత పెద్ద బ్రాండ్లు కార్మిక సంఘాలతో ఒప్పందం చేసుకుని ఫ్యాక్టరీలను తనిఖీ చేయించాయి, చాలా మారింది కూడా. కానీ అది ఆ బ్రాండ్లకు కుట్టే ఫ్యాక్టరీలకే. మా దాకా వచ్చే సరుకు ఎక్కడ కుట్టారో మా హోల్‌సేలర్‌కే తెలియదు.

అలాగని బంగ్లాదేశ్ సరుకు మానను. మనం కొనడం మానేస్తే ముందు పోయేది, పల్లె నుంచి వచ్చి మిషను ముందు కూర్చున్న ఆ ఆడపిల్ల జీతమే. ఫ్యాక్టరీ పేరు చెప్పగలిగినవాళ్ల దగ్గరే ఇకమీదట కొంటాను, గడువు పేరుతో డబ్బు కోయను. "రెండు కొంటే ఒకటి ఫ్రీ" బోర్డు తీసేశాను.

అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత రేటే. ఆగలేమంటే బిల్లు తీసుకురండి, పూర్తి డబ్బు తిరిగి ఇచ్చేస్తాను.