పాత వీడియోలను ఇలా పట్టొచ్చు

సంపాదకులకు,

సాగర్ గేట్లు ఎత్తారంటే చాలు, ఏనాటివో వీడియోలు మళ్లీ ఫోన్లలో తిరుగుతాయి. అవి ఎప్పటివో తేల్చడానికి ఎక్స్ (పాత ట్విట్టర్) సెర్చ్‌లోనే దారుంది. వెతికే పదం పక్కన ఇంగ్లిష్ అక్షరాల్లో సిన్స్ (since, అంటే ఆ రోజు నుంచి), కోలన్, తేదీ, ఆ తర్వాత అంటిల్ (until, అంటే ఆ రోజుకు ముందు దాకా), కోలన్, తేదీ కొట్టాలి. తేదీలో సంవత్సరం ముందుండాలి, 2022-11-03 లాగా. కోలన్ తర్వాత ఖాళీ వదిలితే మొత్తం చెడుతుంది. అంటిల్ దగ్గరిచ్చిన రోజు లెక్కలోకి రాదు. మునుగోడు ఉప ఎన్నిక పోలింగ్ రోజు, అంటే నవంబర్ 3 పోస్టులు కావాలంటే అక్కడ 4 వేయాలి.

అసలు తిప్పలు పేర్లతోనే. పాలమూరు, మహబూబ్‌నగర్, పైగా ఇంగ్లిష్‌లో మనోళ్లు రాసే తీరొక్క స్పెల్లింగు! అన్నిటినీ మధ్యలో ‘లేదా’ అని అర్థమిచ్చే పెద్దక్షరాల ఓఆర్ (OR)తో కలిపి వెతకాలి. 2016 అక్టోబర్ 11కు ముందు సూర్యాపేట, వనపర్తి జిల్లాలే లేవు కనుక ఆనాటి సంగతులకు ఉమ్మడి జిల్లా పేరు కూడా వేసి చూడాలి. ఫలితాల్లో ‘టాప్’ వదిలి ‘లేటెస్ట్’ నొక్కాలి, లేదంటే పేరున్నోళ్ల పోస్టులే పైకొస్తాయి.

తొలగించిన పోస్టు ఈ సెర్చ్‌లో ఎట్లా వెతికినా దొరకదు. పనికొచ్చేది కనబడగానే స్క్రీన్‌షాట్‌తో పాటు లింకు, తేదీ కూడా రాసిపెట్టుకోవాలి.

– ఒక గ్రంథపాలకుడు, నల్లగొండ