బొగ్గుగాన్ని ఎంటేసుకొని నాలుగు అడవులు

దోస్తూ,

ఎట్లున్నవ్? మా చెల్లె, పిల్లలు మంచిగున్నరా? గోదావరిఖనిల ఎండలు అప్పుడే ముదిరినయని రాసినవ్, ఇక్కడ సుత అంతే. నీ ఉత్తరమొచ్చి నెల దాటింది. జవాబు ఎందుకు రాయలేదంటే నేను ఇంట్ల లేను. శివరాత్రి అయినంక మిల్లుకు పదమూడు రోజులు సెలవు పెట్టి నేను, మీ చెల్లె, మా కుక్క బొగ్గుగాడు, ముగ్గురం కారేసుకొని పోయినం. తాడోబా, పెంచ్, కాన్హా, బాంధవ్‌గఢ్, నాలుగూ మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల పులుల అడవులే. బల్లార్షాల ఇంటికి తాళమేసిన కాడి నుంచి మళ్ల తాళం తీసిన దాంక నీకు చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు, కూసొని చదువు.

బొగ్గుగాన్ని నువ్వు చూడలే. 2022ల ప్రాణహిత పుష్కరాలకు సిరొంచల మనం కలిసినప్పుడు వాడు ఇంకా దొరకలే. ఆ వానాకాలమే లారీలు ఆగే కాడ తడిసి వణుక్కుంట కనబడ్డడు. ఒళ్లంత నలుపు, రొమ్ము మీద అర్ధరూపాయంత తెలుపు. ఊరకుక్కే, కని వాని కండ్లు చూస్తే ఎవ్వరన్న ఇంటికి తెచ్చుకుంటరు. "ఎవరింట్లనన్న ఇడిసిపోరాదు" అని అందరు అన్నరు. అంతకుముందు ఒకసారి పెండ్లికి పోతూ ఇడిసిపెడితే మూడు దినాలు ముద్ద ముట్టలే. ఆ పని మళ్ల చెయ్యమని అప్పుడే అనుకున్నం.

ఒక సంగతి ముందే తెలుసు. పులుల అడవిలకు కుక్కను రానియ్యరు. కారుల కట్టేసి కూసోబెడ్తం అన్నా గేటు దాటనియ్యరు. మొదట నాకు కోపమొచ్చింది. టీకాలకు తోలుకపోతే పశువుల డాక్టరు కూసోబెట్టి చెప్పిండు. డిస్టెంపర్ అని కుక్కలకొచ్చే రోగమున్నది గదా, అది పులులకు, సింహాలకు సుత అంటుతదట. 1994ల ఆఫ్రికాల సెరెంగెటి అడవిల సింహాలు మూడింట ఒక వంతు దాంతోనే సచ్చినయట. మన గిర్ అడవిల సుత 2018ల సింహాలను అదే రోగం తిన్నది. అది ఇన్నంక మారు మాట్లాడలే. టీకాలన్ని ఏపిచ్చిన, గోమార్లు పట్టకుంట మందు పెట్టిచ్చిన, కాయిదాలు సంచిల పెట్టుకున్న.

మరి ఎట్ల చూస్తం? మీ చెల్లెనే తొవ్వ చెప్పింది. పొద్దుగాల అడవి తిప్పే జిప్సీ జీపుల ఒకరు పోవాలె, మాపటి జిప్సీల ఇంకొకరు. బయట ఉన్నోళ్లు బొగ్గుగాన్ని చూసుకోవాలె. మార్చి ఎండల కుక్కను కారుల బంద్ చేసి పోతే పది నిమిషాల్ల పానం మీదికొస్తది, గందుకే ఇంకో ఉపాయం లేదు.

తాడోబా మనకు ఇంటి పక్కనే ఉన్నట్టు. 1955ల నేషనల్ పార్క్ అయింది, మహారాష్ట్రల అన్నిటికంటే పాతది. చంద్రపూర్ల పెరిగినోళ్లం, ఇన్నేండ్లల్ల లోపలికి పోలే! మొహర్లీ గేటు కాడ ఒక గోండుల ఇంట్ల గది దొరికింది. ఇంటాయన బొగ్గుగాన్ని చూసుడుతోనే "రాత్రి బయట కట్టెయ్యకు" అన్నడు. పోయినేడు వాళ్ల కుక్కను వాకిట్ల నుంచే చిరుతపులి ఎత్తుకపోయిందట. తెగిన గొలుసు ఇంకా ఆ గుంజకే ఏలాడుతున్నది. ఆ రాత్రి వాన్ని మా ఇద్దరి నడుమ పండబెట్టుకున్నం.

తెల్లారి మొదటి వంతు మీ చెల్లెది. కోర్ అడవిలకు, అంటే నడిమి అసలు అడవిలకు, ఫోన్ తీస్కపోనియ్యరు, ఫోటో లేదు, ఆమె చెప్పిన మాటే. గేటు దాటి అర్ధగంట కాలేదట. ముందున్న జిప్సీ ఆగింది, ఇంజన్లు బంద్ చేసిన్రు. మట్టి తొవ్వ మీద ఆడపులి ఎదురుంగ నడుసుకుంట వస్తున్నది. "అంత పెద్ద జానవరు, అడుగు సప్పుడే లేదు, కడుపు ఇటటు ఊగుతున్నది, మా దిక్కు చూడనే లేదు" అన్నది. చెప్పుకుంట చెప్పుకుంట కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. ఒంటి నిండ దుబ్బతోని వచ్చి గడపల కూసుంటే బొగ్గుగాడు ఆమె చెప్పులను ముట్టెతోని తడిమి తడిమి వాసన చూసిండు. ఈపు మీద ఎంటికలు లేసి నిలబడ్డయి. ఆ తర్వాత ఆమె ఒడిల తల పెట్టి గంట సేపు కదలలే.

మాపటికి నేను పోతే పులి కనబడలే. కని చెరువు గట్టు కాడ తారు దేవుని గద్దె ఉన్నదని చూపిచ్చిన్రు. పులితోని కొట్లాడి సచ్చిపోయిన గోండు పెద్దమనిషి తారు, ఆయన పేరు మీదనే తాడోబా అని గైడు చెప్పిండు. ఇంకో ముచ్చట నీకు చెప్పాలె. మొహర్లీ తొవ్వల చీకటి ఉండంగనే ఆడోళ్లు గుంపులుగ ఇప్పపువ్వు ఏరనీకి పోతున్నరు. మన జిల్లాల ఇప్పపువ్వుకు, తునికాకుకు పోయి పులి నోట్ల పడ్డోళ్లు ఎందరో ఉన్నరు. మనం పులి కనబడాలెనని పైసలు కట్టి పోతం, వాళ్లు కనబడొద్దని మొక్కుకొని పోతరు. నాకైతే ఆ పొద్దు మనసంత గుబులైంది.

నాగపూర్ దాటినంక జబల్పూర్ తొవ్వ, 44వ నంబర్ హైవే, పెంచ్ అడవి నడుమ నుంచే పోతది. ఆడ రోడ్డును లేపి కట్టిన్రు, కింద నుంచి జంతువులు దాటిపోవాలెనని. అసోంటివి తొమ్మిదున్నయి, ఒకటైతే 750 మీటర్ల పొడుగు. సప్పుడు, లైట్లు కిందికి పోకుంట పక్కల గోడలున్నయి. పులులు దాటుతుంటే కింద పెట్టిన కెమెరాలల్ల పడ్డయట. రోడ్డు మీది నుంచి లారీలు, రోడ్డు కింది నుంచి పులులు! ఆ రోడ్డు మీద నేను మెల్లగ తోలిన.

పెంచ్ల నా వంతుకు రేచుకుక్కలు కనబడ్డయి, ఏడు. ఎర్రగ, నల్లటి కుచ్చు తోకలు. అవి మన కుక్కల లెక్క మొరుగవు, ఈల ఏసుకుంట ఒకదాన్నొకటి పిలుసుకుంటయి. వచ్చి మీ చెల్లెకు ఆ ఈల ఏసి చూపిస్తే బొగ్గుగాడు తల ఇటు వంచి, అటు వంచి, నా మొకంలకే చూసిండు. ఆమె నవ్వి నవ్వి మళ్ల ఏయమన్నది.

సివనీ కాడ కష్టమైంది. కుక్క ఉన్నదని ఫోన్ల చెప్తే సరేనన్న లాడ్జోళ్లు, రాత్రి పదింటికి గుమ్మం కాడ వద్దన్నరు. పైసలు సుత వాపస్ ఇయ్యలే. పెట్రోల్ బంకు పక్కన కార్లనే పండినం. దోమలు, లారీల హారన్లు. మీ చెల్లె చేసిన సకినాలు అయిపోయింది సుత ఆ రాత్రే. నాకు పట్టరాని కోపమొచ్చింది, ఆమె మాత్రం "వాడు లోపల, మనం లోపల, ఇంకేం గావాలె" అని పండుకున్నది.

కాన్హాకు పోతుంటే అడవే మారిపోతది. పెంచ్ దాంక మనకు ఎరుకైన టేకు, కాన్హాల సాల్ చెట్లు. ఖటియా గేటు కాడ ఉన్న రాత్రి కొండెంగ ఖరఖర దగ్గినట్టు అరిసింది, ఎంబడే కణుజు ఖణేల్మన్నది. బొగ్గుగాడు మొరగలే. చెవులు రిక్కించి, కాళ్లు బిగబట్టి, తలుపు దిక్కే చూసుకుంట నిలబడ్డడు. వాని ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె నా అరచేతుల కొట్టుకున్నది. పులి ఎంత దూరంల ఉన్నదో మాకు తెల్వలే, వానికి తెలుసు.

తెల్లారి పచ్చిక మైదానంల బారాసింగా దుప్పులను చూసిన. పన్నెండు కొనల కొమ్ములు, పొగమంచుల నిలబడ్డయి. గట్టి నేల మీద తిరిగే ఈ జాతి 1970ల కాన్హాల 66 మాత్రమే మిగిలినయట. కంచె ఏసి కాపాడిన్రు, పచ్చికలు పెంచిన్రు, ఇప్పుడు వెయ్యి దాటినయి. ఆ పచ్చిక ఉన్న తావుల ఒకప్పుడు గోండు, బైగా ఆదివాసుల ఊర్లుండెనట, వాళ్లను లేపి బయటికి పంపినంకనే గడ్డి పెరిగింది. అది సుత మరిసిపోవద్దు కదా.

బాంధవ్‌గఢ్ల ఎండకు ఇద్దరం అలిసిపోయినం. మీ చెల్లె ఒక్క సఫారీ పోయింది, పొడుగ్గ పండుకున్న శేషశాయి విష్ణువు రాతి విగ్రహాన్ని చూసి మొక్కొచ్చింది. నేను బొగ్గుగాన్ని చెట్టు నీడకు పెట్టి తడిబట్ట ఏసిన. ఆడ్నుంచి ఇంటికి మళ్లినం. తిరుగు ప్రయాణంతోని కలిపి 1300 కిలోమీటర్ల పైనే తిరిగినం.

పులి ఆమె చూసింది, రేచుకుక్కలు నేను చూసిన. పదమూడు రోజులల్ల ఒక్కటంటే ఒక్క జిప్సీల ఇద్దరం కలిసి కూసోలే. కని రోజూ మాపటికి చాయ్ పెట్టుకొని ఒకరికొకరం చెప్పుకున్నం చూడు, పెండ్లైన ఇన్నేండ్లల్ల మేమట్ల మాట్లాడుకున్నది లేదురా. ఆమెకు ఎదురుంగ నడిచొచ్చిన పులి ఇప్పుడు నాకు చూసినట్టే ఉన్నది.

ఇగ అసలు మాట. వానాకాలం మూడు నెలలు తాడోబా కోర్ బంద్ ఉంటది, అక్టోబర్ 1కి తెరుస్తరు. మంగళవారం సుత బంద్, అది చూసుకోవాలె. మీరిద్దరు రండి. పొద్దుగాల మేమిద్దరం పోతం, మీరు బొగ్గుగాని కాడుండుండ్రి. మాపటికి మీరిద్దరు పోండ్రి. నాలుగు రోజులు సెలవు దొరుకుతదా, మా చెల్లెను అడిగి ఎంబడే రాయి. గది చెప్పి పెట్టాలె.

నీ
బల్లార్షా దోస్తు